చదవని రెండు పేజీలు

7 అక్టోబరు 1994, శుక్రవారం. అల్ రయ్యాన్ క్యాంప్

మూడో తరగతితో బడి మానేసినవాడిని. ఇందులో తప్పులుంటాయి. ఎవరికీ చూపించేది లేదు కనుక ఎవరికీ నష్టం లేదు.

పక్క మంచం అంజి ఇవాళ నా చేతిలో ఒక నవల పెట్టాడు. వాడిది మా పక్క ఊరే, ఇక్కడ క్రేన్ ఆపరేటర్. పుస్తకానికి అట్ట లేదు, పేరు తెలియదు. స్టోర్ కాడ ఉత్తగనే కూసుంటవు గద కాకా, జెర చదువు అన్నాడు. నేను స్టోర్ వాచ్‌మన్‌ని. ఉత్తగా కూర్చోను, కాపలా కాస్తాను. ఆ మాట వాడి ముఖం మీదే చెప్పాను. పుస్తకం మాత్రం తిరిగి ఇవ్వలేదు.

10 అక్టోబరు

వేలు పెట్టి చదివితే పదకొండు పేజీలయ్యాయి. మాంత్రికుడు రాణిని రాయిని చేశాడు. ఆమెను లేపే పువ్వు ఏడు సముద్రాల అవతల ఉందట. రాజు రెక్కల గుర్రమెక్కి పోయాడు. పాస్‌పోర్ట్ అడిగినవాడు లేడు, సంతకం పెట్టాల్సిన మేనేజర్ లేడు. రాసినవాడికి సిగ్గు లేదు.

అయినా గుర్రం సముద్రంలో పడుతుందేమోనని డ్యూటీ అయ్యాక కూడా చదివాను.

14 అక్టోబరు, శుక్రవారం

నా పెళ్ళాం రాములవ్వ క్యాసెట్ వచ్చింది. మా ఇద్దరికీ ఒకటే క్యాసెట్. సెలవుకు పోయేవాడి చేతిలో పోతుంది, వచ్చేవాడి చేతిలో వస్తుంది. ఆమె మాట విని, దాని మీదే నా మాట నింపి పంపుతాను. ఆమె కూడా అంతే. కొత్తది దండగ అని ఆమె పెట్టిన రూలే. రెండో వైపు మనవరాలి పాట ఉంది. అది చెరిగిపోకుండా కోడలు పుష్ప క్యాసెట్ అంచున ఆ వైపు చెవి విరగ్గొట్టింది. చెవి లేని వైపు రికార్డ్ కాదు.

కరీంనగర్ డాక్టర్ ఆమె కడుపులో గడ్డ ఉందన్నాడట. ఏదో గుమ్మడికాయ సంగతి చెప్పినట్టు చెప్పింది. దుబాయ్‌ల కూసొని నువ్వేం జేస్తవ్, పండి పండి పొద్దు పోతలేదు, ఒక కథన్న చెప్పు అంది. ఇది ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు దుబాయే.

15 అక్టోబరు

లీవు అడిగాను. కాంట్రాక్ట్‌కు ఇంకా ఐదు నెలలుంది, లీవు మాఫీ అన్నాడు మేనేజర్, అంటే ఇక్కడి మాటలో లేదని. బతిమాలలేదు. బతిమాలాల్సింది.

4 నవంబరు, శుక్రవారం

సగం నవల చదివి నింపాను. రాజు జలకన్య ఇంట్లో ఆరు నెలలున్నాడు, పెళ్ళాం అక్కడ రాయై పడి ఉంటే. ఆ ముక్క చదవలేదు. ఆరు నెలలు తుఫాను అని చెప్పాను. ఇట్లాంటి రాజును చెప్పుతో కొట్టాలి. కానీ వాడు ఇంటివైపు గుర్రం తిప్పినప్పుడు చదవడం ఆపి దగ్గినట్టు చేశాను.

2 డిసెంబరు, శుక్రవారం

క్యాసెట్ తిరిగి వచ్చింది. ఆమె గొంతు దారమైంది. మాటలు మాత్రం అవే. ఆరు నెల్ల తుఫాను యాడుంటదయ్యా, గా రాజు ఎవతి తాననో ఉన్నడు, నాకు తెల్వదా అంది. ఇంతకు రాణి లేస్తదా లేవదా, గది జెర జల్ది చెప్పు అంది.

ఒక్కసారే విన్నాను. రెండోసారి వింటే గదిలో వాళ్ళ ముందు పరువు పోతుంది.

3 డిసెంబరు

ఈసారి బతిమాలాను. చావు టెలిగ్రామ్ వస్తే పది రోజులు ఇస్తాడట.

9 డిసెంబరు, శుక్రవారం

డ్రైవర్ మక్బూల్ ఆదివారం ఊరికి పోతున్నాడు. అందుకని ఇవాళే ఆఖరి భాగం నింపాను. మొదలుపెట్టగానే గదిలో వాళ్ళంతా లేచి బయటికి పోయారు. చప్పుడు రావద్దని కాబోలు, మర్యాద తెలిసినవాళ్ళే అనుకున్నాను.

రాజు పువ్వు తెచ్చి రాయి మీద పెట్టాడు. ఇంక రెండు పేజీలే. రాయి కదిలింది అని మొదటి లైను. అక్కడే ఆపాను. ఇది అబద్ధం. పువ్వు పెడితే రాయి కదలదు. రోగంతో ఉన్న మనిషికి అబద్ధం ఎట్లా చదవను? చదవకపోతే ఏమనుకుంటుంది? మిగిలింది నేనొచ్చి చెప్తా, అప్పటిదాక ఉండు అన్నాను. బటన్ ఆపేశాను.

10 డిసెంబరు

పట్టపగలు అంజి స్టోర్‌కు వచ్చాడు. హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు. కాకా, లీవు సంతకం అయింది అన్నాడు. అర్థమైంది.

బుధవారమే పోయిందట. ఆ సాయంత్రమే ఫోన్ వచ్చిందట. టికెట్ చేతికి వచ్చేదాక మనిషికి చావు కబురు చెప్పొద్దు, అది మా క్యాంప్ రివాజు. పోయిన ఏడు ఓబులయ్య తల్లి చనిపోతే నాలుగు రోజులు దాచింది నేనే. అతనికి దగ్గర కూర్చుని అన్నం కూడా పెట్టాను. ఇప్పుడు ఎవరిని తిట్టను?

నిన్న చదివింది లేని మనిషికి. ఆమె ఆఖరి మాటలు ఆ క్యాసెట్లోనే ఉన్నాయి. వాటి మీద మాంత్రికుడి కథ చదివాను. నా చేత్తోనే చెరిపాను.

11 డిసెంబరు

మక్బూల్ పోయాడు. అతనికి క్యాసెట్ ఇవ్వలేదు.

12 డిసెంబరు. విమానం సాయంత్రం

పొద్దున క్యాసెట్ వేశాను. నా గొంతే. తిట్టుకుంటూ చివరిదాకా విన్నాను. అప్పటిదాక ఉండు అన్నాను. టక్కుమంది. తర్వాత ఆమె.

ఆ రెండు పేజీలు చదవలేదు కదా, అంత టేపు చెరగలేదు. కారంపొడి పంపిన, అంజికి గింత పెట్టు, పిసినిగొట్టుతనం జెయ్యకు అంది. దగ్గింది. ఇగ చాలు పుష్పా, బంద్ చెయ్యి అంది. బంద్ అయిందా? అని అడిగింది.

కాలేదు.

రెండో చెవి కూడా విరగ్గొట్టాను.