పడుకునే చదివాను

పద్మా,

ఈరోజు నువ్వు పోయిన తిథి. ఏటా నీ పేరు మీద రంగనాయకస్వామి వెయ్యి నామాలు చదువుతాను కదా, ఈసారి కూర్చునే ఓపిక లేదు. నెలల తరబడి ఇదే నీరసం. నాచారంలో మళ్లీ రక్తపరీక్ష చేయించాను. అంకెలు తేడాగానే ఉన్నాయి, ఎందుకో ఉప్పల్ డాక్టరుకు అంతుపట్టలేదు.

స్వామి ఫొటోకు ఎదురుగా మంచం మీద పడుకునే మొదలుపెట్టాను. తమ్ముడి భార్య గుమ్మంలో ఆగింది.

“రోగమేందో డాక్టరుకే తెల్వదు. గింత దానికి దేవుని ముంగట పండుకుంటరా వదినె?”

“ఫొటోల స్వామిని సూడు. పాము మీద పండుకునే లోకాన్ని నడుపుతుండు. ఆయన్ని లెవ్వమను, నేనూ లేస్త.”

నువ్వుంటే పగలబడి నవ్వేదానివి. ఆమె నవ్వలేదు, దీపంలో నూనె పోసి వెళ్లింది. నేను లేవకుండానే చివరి నామం దాకా చదివాను. గొంతు మాత్రం తగ్గించలేదు.

అక్క