మూడో పిలుపు

పూణె,
ఆదివారం.

అమ్మకు నమస్కారాలతో నీ చిట్టి రాస్తున్నది. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? అమ్మమ్మ దగ్గు తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. ఆఫీసు వారానికి రెండు రోజులే, మిగతా అంతా గదిలోనే పని. ఒకటే వాన. ఇక్కడి పప్పులో బెల్లం వేస్తారు. నువ్వు పంపిన మాగాయతో నెట్టుకొస్తున్నాను. బాగానే ఉన్నానమ్మా.

మొన్న అరిచావు కదా, "ఫోన్లో మాట్లాడితే రోగం తగ్గుద్దా? అయినా నీకేం పిచ్చా? అది మనిషో మిషనో! మన సంగతులు నూజివీడంతా చాటుద్ది!" అని. నేను ఫోన్లో మాట్లాడే కౌన్సెలర్ మేడం మనిషేనమ్మా. విశాఖలో ఉంటారు, ఈ పనికే చదువుకున్నారు. మా మాటలు బయటపెట్టరు. పిచ్చివాళ్ళే మాట్లాడాలని కూడా లేదు. అరచేతిలో తెరలోంచి నా గురించి ఏం కనిపిస్తుందిలే అని మొదట్లో నేనూ అనుకున్నాను.

మూడో వారం అడిగారు: "సిగ్నల్ పోయి నేను పిలిచినప్పుడల్లా రెండుసార్లు ఊరుకుంటారు. మూడోసారికే పలుకుతారు. ఎందుకండీ?"

నువ్వు నేర్పిందే కదా. మిట్టమధ్యాహ్నం తోటలో ఎవరు పేరుపెట్టి పిలిచినా మూడో పిలుపుకే పలకాలి, మనిషి కానిది మూడోసారి పిలవదు అని.

నీకు చెప్పనిది ఒకటుంది. నాన్న మామిడిచెట్టు మీంచి పడిన రోజు నేను అప్పుడు చెప్పినట్టు పాకలో నిద్రపోలేదమ్మా. కాయలు ఏరుతున్నాను. "చిట్టీ" అని వినిపించింది. చేతిలో కాయ కింద పెట్టేలోగా మళ్ళీ "చిట్టీ". మూడోది వస్తే పలుకుదామని కూర్చున్నాను. రాలేదు. కూలీలు చూసేసరికి ప్రాణం లేదు. పట్టు తప్పకముందు పిలిచాడో, పడ్డాక పిలిచాడో నాకు ఈనాటికీ తెలియదు.

ఇక్కడ నాది తొమ్మిదో అంతస్తు. కిటికీ అవతల కాకి వాలడానికి కూడా చోటు లేదు. అయినా రోజూ మధ్యాహ్నం అటునుంచే అదే గొంతు. రెండుసార్లు. మధ్యలో కాయ కింద పెట్టేంత సందు. ఎంత వానలోనైనా తడవని గొంతు.

మేడం దయ్యమనలేదు, భ్రమేనని కొట్టిపారెయ్యనూ లేదు. "పలికితే ఏమవుతుందని మీ భయం?" అన్నారు. రెండు వారాల తర్వాత చెప్పాను. "ఇప్పుడా పలికేది" అని నాన్న అంటాడని.

ఇవాళా పిలిచాడు. మొదటిదానికే "ఆఁ నాన్నా" అన్నాను. గది అంతా చెవులు రిక్కించినట్టు అయింది. రెండో పిలుపు రాలేదు.

నువ్వు నేర్పావని నిన్ను అనడం లేదు. నన్ను అనాలనిపిస్తే అను, పడతాను. అమ్మమ్మకు నా దండాలు, ఆవిడకు మాత్రం ఇది చదివి వినిపించకు. చదివాక ఫోన్ చెయ్యి. ఒక్క రింగుకే ఎత్తుతాను.

నీ దీవెన కోసం చూస్తూ,
చిట్టి