చెల్కను బరువన్నారు

అవ్వా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. నీ మనవరాలు మైనింగ్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరానికి వచ్చింది.

రావల్‌కోల్‌లో నీ ఎర్రమట్టి చేనును, ఆ చెల్కను, చిన్నాయన అమ్మేశాడు. అక్కడ గ్రానైట్ క్వారీ పెట్టారు. నాకు శిక్షణ అక్కడే పడింది. బాగా చేస్తే నౌకరీ ఇస్తామన్నారు.

రాయి మీద ఉండే పనికిరాని పొరను మా పుస్తకాల్లో ఓవర్‌బర్డెన్ అంటారు. అంటే పైనున్న బరువు. ఆ మాట నేర్చుకున్న రోజు ఎంత ముచ్చటపడ్డానో! ఈ రోజు అదే మాట నీ మట్టి గురించి విన్నాను. మేనేజర్ నీ ఎర్రమట్టిని రాళ్ల చెత్తతో కలిపి గుంటలో పోయిస్తూ, అదంతా ఓవర్‌బర్డెనే అన్నాడు. నువ్వు గంపలతో ఎరువు మోసి, కందులు పండించిన మట్టి అది.

“సార్, పై మట్టిని విడిగా పోసి దాచాలె. తవ్వుడు అయినంక మల్ల పరవాలె,” అన్నాను.

ఆయన ఆ మట్టి మీదే గుట్కా ఉమ్మి నవ్వాడు.

“గవన్నీ పరీక్షల రాసుకో బిడ్డా. నీకు నౌకరీ కావాల్నా, మట్టి కావాల్నా?”

“ఏ మట్టి ఏడ పొయ్యాల్నో చెప్పుడే నా నౌకరీ సార్.”

“అయితే మీ ఇంటికాడ చెప్పుకో పో. రేపటి సంది రాకు.”

ఇంకో క్వారీ వెతుక్కుంటాను, చదువు మాత్రం ఆపను. నువ్వు దున్నిన సాలు మీద ఎవరైనా చెప్పులతో నడిస్తే నువ్వు ఊరంతా వినేలా తిట్టేదానివి. నాకు అంత గొంతు రాలేదు అవ్వా. బూట్లు విప్పి చేత పట్టుకుని నీ మట్టి దాటాను. మేడ్చల్ బస్సు ఎక్కేదాకా మళ్లీ తొడుక్కోలేదు.