బొమ్మ జాగల పండుకున్న సంగతి

మొయినాబాద్, మంగళవారం

ఆనందన్నకు, విమల వదినకు తమ్ముడు క్రాంతి వందనాలు. ఫోన్‌ల చెప్తె నీ పరాచికాలు బందు చెయ్యిమని పెట్టేస్తవు, అందుకే కార్డు రాస్తున్న.

నీ బిడ్డ లిదియా పిరికిది, నర్సు చదువు మాన్పించి తోల్కపోత అన్నవు గద. నిజమేనా అని నేనే పరీక్ష పెట్టిన. దాని కాలేజీల తోటపని నాదే గనుక పొద్దుగాల ప్రాక్టికల్ రూముల దూరిన. పిల్లలు నేర్చుకునే రబ్బరు బొమ్మను మంచం కిందికి నెట్టి, దాని జాగల దుప్పటి కప్పుకొని పండుకున్న. లిదియా వచ్చి నాడి చూడనీకి చెయ్యి పట్టింది. కండ్లు తెరిచి "జర చాయ్ పొయ్యి బిడ్డా" అన్న. అరవలే. "కదలకు చిన్నాయినా" అని నిమిషంసేపు గడియారం చూసింది. మంచం కింద బొమ్మ బ్యాటరీ గుండె ఒక్కతీరుగ కొడుతున్నది.

"బొమ్మది సక్కగనే కొడుతున్నది. నీదే నాలుగు దెబ్బలకోసారి ఆగుతున్నది" అన్నది.

నాతోనే ఆటలా అని నవ్విన. అది నవ్వలే. దవాఖానకు గుంజకపోయింది. డాక్టరు కూడ గదే మాట అన్నడు. గురువారం పెద్ద పరీక్షలున్నయి.

చేన్ల క్యారెట్ తీసిండ్రా? నా స్వెటర్ పంపు. వదినా, నా గుండె సంగతి అవ్వకు చెప్పకు.

లిదియా చదువైనంక చేవెళ్ల దవాఖానలనే నర్సునైత అంటున్నది. దాన్ని తోల్కపోకన్నా. ఇది రాస్తుంటె గూడ నా లోపల ఎవరో నడుసుకుంట నడుసుకుంట ఆగి, చెవి పెట్టి వింటున్నట్టున్నది. ఆ అడుగులు లెక్కపెట్టెటందుకు ఇక్కడ నాకు అదొక్కతే ఉన్నది.

ప్రభువు చెయ్యి మీ అందరి మీద ఉండాలె.