ముడి జారలేదు

పెద్దోడికి అమ్మ దీవెనలు. కంటి ఆపరేషన్ బాగానే అయింది. వాళ్ళింట్లో కూర్చుని నేను చెబుతుంటే ఈ కార్డు రాస్తున్నది నీ చెల్లెలు.

పెద్ద చేప పోయిందనీ, నా ముడి జారిందనీ, పడవ వెనక లాగే గాలపు తాళ్ళు ఇకనుంచి తమ్ముడే కడతాడనీ రాశావు. తాడు చివర నేను ముడేసిన తిరుగుడు రింగు అలాగే వచ్చిందనీ నువ్వే రాశావు. ముడి జారితే రింగెలా వస్తుందిరా, తెలివిగలవాడా? చేప గుంజుడుకి నోరు తెరిచింది ఆ రింగుకున్న, గాలం తగిలించే పిన్ను.

మీ నాన్న కొత్త పిన్ను కొంటే నా చెవి దగ్గర పెట్టి మూసేవారు. టక్కుమంటేనే అది పడవెక్కేది. "నీ చెవి ఒప్పుకుంటే సముద్రం ఒప్పుకున్నట్టే" అనేవారు. ఆ మాట విని ఎన్నేళ్ళయిందో.

వంటింటి కుళాయి కారడం ఆగిందా? నేనొచ్చేదాకా తాళ్ళు ఎవరూ ముట్టొద్దు. ఆదివారం నన్ను చూడ్డానికి వచ్చేటప్పుడు కొత్త పిన్నులన్నీ పట్టుకురా. కోడలికి, పిల్లలకి నా ముద్దులు. కట్టు కట్టింది కంటికే, చెవికి కాదు.