అన్నయ్య చెప్పిన కొలత

అమ్మకు,

నీ చిన్నవాడు పాదాలకు నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాం. నీ మోకాలు ఇప్పుడు మెట్లెక్కనిస్తోందని తెలిసి ఇంటిల్లిపాదీ సంతోషించాం. ఫోనులో నీకు సగం వినపడదు, మిగతా సగం అక్క పక్కనుంచి అరిచి చెబుతుంది. ఇది అలా అరిచి చెప్పే సంగతి కాదు. అందుకే కాగితం పట్టుకున్నాను.

నువ్వడిగినవి చెబుతాను. వంటింటి కుళాయి బాగుచేయించాం. నీ కోడలికి ఆఫీసు వేళలు మారాయి, పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేస్తోంది. అన్నయ్య కళ్లజోడు మార్పించుకోలేదు. "నా కళ్లకేం, నిక్షేపంలా ఉన్నాయి" అంటూ పేపరు మాత్రం చెయ్యి చాచినంత దూరాన పట్టుకుని చదువుతున్నాడు.

మేస్త్రికి నడుము నొప్పి తగ్గిందా అని అడిగావు. తెలియదమ్మా. ఆయన ఇప్పుడు మన దగ్గర లేడు, అన్నయ్య పంపేశాడు.

మన అద్దాల కొట్టులో అన్నయ్య కొలత చెప్పాలి, నేను రాయాలి, మేస్త్రి కోయాలి. అది నాన్న పెట్టిన పద్ధతి. బయటివాళ్ల ముందు పెద్దవాడి మాటకు అడ్డు చెప్పకూడదన్నది నువ్వు పెట్టిన పద్ధతి. చుట్టాల ముందు అన్నయ్య చెప్పింది తప్పన్నందుకు నువ్వు పెట్టిన తొడపాశం నాకింకా గుర్తే. రెండేళ్లుగా అన్నయ్య అంకెలు తప్పుతున్నాయి. నేను అలాగే రాసుకొచ్చి, తర్వాత అసలు కొలత మేస్త్రి చెవిలో వేసేవాణ్ణి. అద్దం సరిగ్గా కూర్చుంటే అన్నయ్య మీసం దువ్వుకునేవాడు. మేమిద్దరం మొహాలు చూసుకుని నవ్వుకునేవాళ్లం.

కిందటి నెల ఒక బట్టల షాపు ముందు అద్దానికి కొలత తీశాం. అన్నయ్య భుజం మీదుగా చూస్తే టేపు మీద నూట ఎనభై మూడు ఉంది. అన్నయ్య నూట ఎనభై ఎనిమిది అన్నాడు. షాపు యజమాని, ఆయన కొడుకు పక్కనే ఉన్నారు. ఎనిమిదే రాశాను. కొట్టుకొచ్చాక అన్నయ్య ఆ కాగితం తీసుకుని తనే మేస్త్రికిచ్చాడు. మేస్త్రి నా వైపు తిరిగి, "చిన్నయ్యగారూ, మీరూ చూశారా?" అని అడిగాడు. యజమాని కొడుకు మా వెంటే వచ్చి అక్కడ కూర్చుని ఉన్నాడు.

"అన్నయ్య చూశాక నేను చూసేదేముంది" అన్నాను.

ఆ మధ్యాహ్నమే అద్దం కోసి, కాల్చి గట్టిపరిచే చోటికి పంపేశారు. అలా కాల్చిన అద్దాన్ని మళ్లీ కోయలేం. అది తిరిగొచ్చేదాకా నాలుగు రోజులున్నాయి. నాలుగు రోజులూ నోరు మెదపలేకపోయాను.

బిగించే రోజు అద్దం చట్రంలో పట్టలేదు. యజమాని నడివీధిలో అన్నయ్యను నానా మాటలూ అన్నాడు. మళ్లీ కొలిపిస్తే నూట ఎనభై మూడని తేలింది. "నేను చెప్పిందీ అదే కదా" అన్నాడు అన్నయ్య. అబద్ధమాడలేదమ్మా, ఆయన నిజంగా అలాగే అనుకుంటున్నాడు. నా రాత ఉన్న కాగితం మేస్త్రి జేబులోనే ఉంది. జేబు మీద చెయ్యి వేసి నన్ను చూశాడు. నేను తల వంచుకున్నాను.

"నాదే పొరపాటు పెద్దయ్యగారూ. కోత తప్పింది" అన్నాడు.

ఇరవై రెండేళ్లు పనిచేసిన మనిషి. ఆ సాయంత్రమే అన్నయ్య తీసేశాడు. తోటి కొట్లవాళ్లందరికీ మేస్త్రి పనికి పట్టు తప్పిందని చెప్పాడు. ఇప్పుడాయన్ని ఎవరూ పిలవడం లేదు. మొన్న ఇంటికి వెళితే కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. "అంతమందిలో పెద్దయ్యగారి మాట ఎలా పోనిస్తాం చెప్పండి" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆయన్నీ ఎవరో నాలాగే పెంచి ఉంటారు.

నీ దగ్గర దాచిన మాట ఇంకొకటుంది. ఆ రోజు అంకె చూసింది నేనొక్కణ్ణే కాదు. కాలేజీ సెలవులని నా కూతురూ మా వెంట వచ్చింది. పెదనాన్నతో ప్రతిదానికీ వాదన వేసుకునే పిల్ల కదా, మేస్త్రిని తీసేశాక, "నాన్నా, నువ్వూ చూశావు కదా" అని నిలదీసింది. "పెద్దవాళ్ల సంగతులు నీకెందుకు" అని గదమాయించాను. ఆ మాటా నీదే, గొంతూ నీదే.

అన్నయ్యతో చెప్పగలిగేది నువ్వొక్కదానివే. కానీ నీ జవాబు కొట్టుకే వస్తుంది, ఆయనే విప్పి భోజనాల దగ్గర అందరికీ చదువుతాడు. అందుకని దీని గురించి ఏమీ రాయకు. మరి నాకెందుకు రాశావురా అంటే, ఏమో.

నిన్న ఒక దంతవైద్యుడి గది కిటికీకి కొలత తీయడానికి వెళ్లాం. సెలవుల్లో ఖాళీగా ఎందుకని అన్నయ్య రాసే పని పిల్లకిచ్చాడు. డాక్టరుగారు పక్కనే నిలబడ్డారు. అన్నయ్య తొంభై ఎనిమిది అన్నాడు. టేపు మీద తొంభై మూడు ఉంది. పిల్ల చూసింది. కలం ఆపి నా వైపు చూసింది. నేను కిటికీ వైపు తిరిగాను.

"తొంభై ఎనిమిది, పెదనాన్నా" అని రాసుకుంది.

అన్నయ్య మురిసిపోయి దాని తల నిమిరాడు. డాక్టరుగారితో, "చూశారా, ఎంత మారిందో. అచ్చం మా తమ్ముడే" అన్నాడు.

ఇట్లు,
నీ చిన్నవాడు