బెజవాడ నుంచి అద్దాల తొట్టి

1959 జూన్ 12, జగ్గయ్యపేట

ఈ హెడ్మాస్టరు గారి నోటికి తాళం వేసేవాళ్ళు లేరా! స్టాఫ్ రూములో అందరి ముందూ — "చేపల్ని చూపించాలంటే చెరువు గట్టుకు తీసుకుపోండి టీచరమ్మా. అద్దాల తొట్టి దేనికండీ, మనమేమన్నా సర్కసు పెడుతున్నామా?" అందరూ నవ్వారు.

గట్టు మీద నుంచి చూస్తే చేప వీపు కనిపిస్తుంది. బుట్టలో చూస్తే చచ్చిన చేప కనిపిస్తుంది. మొప్ప ఎలా తెరుచుకుని ఎలా మూసుకుంటుందో ఏ గట్టు మీద నుంచి చూపించను? సుద్దముక్కతో బొమ్మ గీసి గీసి నాకే విసుగు పుట్టింది.

బెజవాడలో కమలమ్మ గారు, నాకు సైన్సు నేర్పిన మనిషి, ఇల్లు ఖాళీ చేస్తున్నారు. అయిదడుగుల తొట్టి. "నెలాఖరు లోపల వచ్చి పట్టుకుపో సుగుణా. లేకపోతే ఇల్లు కొన్నవాళ్ళు పగలగొట్టి పారేస్తారు." ఆ ఉత్తరం వచ్చి వారమైంది.

జూన్ 13

వరండా చివరి గది సైన్సుకు ఇమ్మని అడిగాను. గది నిండా స్కూలు కమిటీ ప్రెసిడెంటు గారి మిరపకాయ బస్తాలు. ధర పెరిగేదాకా అక్కడే ఉంటాయట. ఇది బడా, గోడౌనా?

"తొట్టి చెక్కు చెదరకుండా బెజవాడ నుంచి రానివ్వండి. ఆ రోజే గది మీది" అన్నారు హెడ్మాస్టరు. రాదని ఆయన ధీమా. రాసివ్వమన్నాను. మళ్ళీ నవ్వు. సరే... నలుగురూ విన్నారు. చాలు.

జూన్ 15

లారీవాడు — "అద్దమా? పగిలితే మాకు సంబంధం లేదండి." ఇటుకల మీద పెట్టి తెస్తాడట. వద్దు బాబూ.

అన్నయ్యకు కార్డు రాశాను. బండీ ఎడ్లూ వాడివే.

జూన్ 18

చందర్లపాడు నుంచి అన్నయ్య కబురు. "తొలకరి పడకపోతే వస్తా. పడితే దుక్కి ఇడిచిపెట్టి రాలేను." ఎప్పుడూ ఆ దుక్కి గొడవే. ఊరంతా వాన పడాలని ఆకాశం వంక చూస్తోంది. నేనొక్కదాన్ని పడకూడదని.

జూన్ 22, బెజవాడ

వచ్చాడు. రెండు రోజుల ముందే బయలుదేరాడట.

కమలమ్మ గారు చెప్పినవన్నీ రాసుకున్నాను. చివరి చుక్క దాకా నీళ్ళు తోడెయ్యాలి. నీళ్ళతో కదిపితే అతుకులు ఊడతాయి. అద్దాల చుట్టూ ఉన్న పుట్టీ ఎండితే బీటలిస్తుంది, అందుకని లోపల తడి గోనెసంచులు పరవాలి. పై అంచు పట్టుకుని ఎత్తకూడదు, అడుగున చెయ్యి వెయ్యాలి. కిందా పక్కలా జానెడు మందం వరిగడ్డి. ఎనిమిది ఎర్రచేపలు రెండు బిందెల్లో, తొట్టిలోని పాత నీళ్ళతోనే. మూతికి పల్చటి గుడ్డ. చేపలకు మరమరాల పొడి పొట్లం.

బండిలో అన్నయ్య తెచ్చిన జొన్నచొప్ప మోపు అడ్డంగా ఉంది. దింపించాను. తొట్టికి చోటు చాలలేదు మరి.

జూన్ 23, కంచికచర్ల

ఒక చేప పోయింది. తొట్టికి ఏమీ కాలేదు. నడుం విరిగింది, తొట్టిది కాదు, నాది.

జూన్ 24, నందిగామ

కోపం ఇంకా దిగలేదు. రాత కుదురుగా రావడం లేదు.

కీసర వంతెన మీద ఒక్క కుదుపు లేకుండా దాటించాడు. మెచ్చుకున్నాను కూడా. మధ్యాహ్నం ఇక్కడ బండి ఆపి, బిందెల్లో నీళ్ళు కాస్త మార్చుదామని బావి దగ్గరికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి కట్లు విప్పి ఉన్నాయి. తొట్టి రెండు పక్కలూ బోసి, అడుగున కూడా సగమే. కర్రెద్దూ మైలెద్దూ ఆ గడ్డి తీరిగ్గా నములుతున్నాయి. ఈయన గారు చుట్ట కాలుస్తున్నాడు!

"ఏం చేశావన్నయ్యా?"

"బండిలో గడ్డి ఎడ్లకు గాక ఎవరికే?"

అరిచాను. టీ కొట్టు ముందు, పదిమంది చూస్తుండగా. నోటికొచ్చినట్లు తిట్టాను. "ఎడ్ల తోక పట్టుకు తిరిగేవాడికి అద్దం విలువ ఏం తెలుస్తుంది!" అన్నాను. అన్నాను. తప్పేముంది? మూడు రోజుల కష్టం, నా గది, పిల్లలు... అన్నీ ఆ ఎడ్ల నోట్లో పోశాడు.

కొందామంటే ఈ ఎండల్లో గడ్డి అమ్మేవాళ్ళు లేరు. ఎవరి వామి వాళ్ళకే చాలడం లేదు.

అన్నయ్య లేచాడు. తన బొంత మడిచి తొట్టి అడుగున దూర్చాడు. కండువా ఒక పక్క. నా రెండు చీరలు ఇంకో పక్క. బండెక్కు అన్నాడు. అంతే.

జూన్ 25, జగ్గయ్యపేట

వచ్చింది. ఒక్క గీత పడలేదు. ఏడు చేపలు బతికే ఉన్నాయి.

నందిగామ నుంచి అన్నయ్య బండెక్కనే లేదు. ఒక చేత్తో పగ్గాలు, ఇంకో చెయ్యి తొట్టి అంచు మీద. చిల్లకల్లు దగ్గర గతుకుల్లో తొట్టి ఒరిగితే భుజం ఆనించాడు.

మా వరండాలో దింపాక, "మంచినీళ్ళు తాగి వెళ్ళు" అన్నాను. "ముందు ఎడ్లకు తాపాల" అంటూ బండి తిప్పేశాడు.

సాయంత్రం తొలకరి పడింది. గట్టి వాన.

జూన్ 26

హెడ్మాస్టరు గారు స్వయంగా మా ఇంటికొచ్చి తొట్టి చూశారు. నాలుగు అద్దాలనూ వేలితో తడిమారు, పగులు దొరుకుతుందేమోనని. దొరకలేదు. మొహం మాడింది.

"వచ్చిందన్నమాట. అయితే బస్తాలు... ధర వచ్చాక చూద్దాం లెండి."

మాట తప్పడానికి సిగ్గుండక్కర్లేదా మనిషికి!

జూలై 1

గాలి ఆడాలని ఆ గది తలుపు తీసే ఉంచుతారు. ఈ రోజు తొమ్మిదో తరగతి నలభై మందినీ తీసుకెళ్ళి మిరపకాయ బస్తాల మీదే కూర్చోబెట్టాను. పాఠం: శ్వాసక్రియ. ఒకడు మొదలుపెట్టాడు, ఇక నలభై మందీ తుమ్ములే తుమ్ములు. పక్క తరగతుల్లో పాఠాలు ఆగిపోయాయి. హెడ్మాస్టరు పరిగెత్తుకొచ్చారు. గుమ్మంలో నిలబడి ఆయనా తుమ్మారు.

"ఏమిటండీ ఇది!"

"సైన్సు గది కదండీ. మీరే ఇచ్చారు."

రేపు కూడా ఇక్కడే చెబుతాను.

జూలై 4

నాలుగు రోజులు తుమ్మించాను. కళ్ళు మండి నేనూ ఏడుస్తున్నాను.

జూలై 8

బస్తాలు పోయాయి! తాళం చెవి నా చేతికి ఇస్తూ హెడ్మాస్టరు — "సోమవారం లోపల తొట్టి ఈ గదిలో కనిపించాలి. లేకపోతే బస్తాలు మళ్ళీ వస్తాయి. నా తప్పేం లేదు." ఇదొక మెలిక.

జూలై 9

పక్కవీధి రంగయ్య బండి ఇస్తానన్నాడు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో, నా మీద నాకే కోపంగా ఉంది.

తొట్టి తరలించాలని నీళ్ళు తోడుతుంటే దాని కింద అన్నయ్య బొంత కనిపించింది. ఇన్నాళ్ళూ అక్కడే ఉంది. చినుకులకు తడిసి ముద్దయింది. ఈ వానల్లో వాడు ఏం కప్పుకుంటున్నాడో.

పాత పేజీలు తిరగేశాను. జూన్ ఇరవై రెండు. "జొన్నచొప్ప మోపు అడ్డంగా ఉంది. దింపించాను." నా చేతి రాతే. ఎడ్ల మేత బెజవాడలో పారేయించింది నేను. దారిలో ఎడ్లు ఏం తింటాయన్న ధ్యాసైనా లేదు. పుట్టీ ఎండకూడదని రాసుకున్నదాన్ని, చేపలకు మరమరాలు కట్టినదాన్ని. వాడు ఒక్క మాట... "నువ్వే గదే దింపించావు" అని ఒక్క మాట అనొచ్చు కదా, పదిమందిలో? అననిస్తే కదా నేను.

నా నోటికీ తాళం లేదు.

జూలై 10

కార్డు రాశాను. చించాను. రాశాను. చివరికి పోస్టులో వేసింది: "ఆదివారం తొట్టి బడికి చేర్చాలి. ఎడ్లను తోలుకుని రా. చొప్ప నేనే దింపించాను, గుర్తుంది." అంతకంటే రాయడానికి చెయ్యి రాలేదు.

దుక్కి రోజులు. వస్తాడని ఏముంది?

జూలై 12, ఆదివారం

చర్చికి, ప్రార్థనకు వెళ్ళలేదు. పొద్దున్నే రంగయ్య వామిలోంచి రెండు మోపులు వరిగడ్డి అడిగి తెచ్చుకున్నాను. వరండాలో తొట్టి పక్కన పెట్టాను. పక్కింటావిడ ఆగి చూసింది.

"ఎడ్లు లేవు గదా టీచరమ్మా, గడ్డెందుకండీ?"

"వస్తాయి" అన్నాను.

మధ్యాహ్నమైంది. రంగయ్య రెండుసార్లు వచ్చి అడిగాడు, బండి కట్టమంటారా అని. ఆగమన్నాను. రేపే సోమవారం.

జల్లు మొదలైంది. గడ్డి తడవకుండా లోపలికి లాగాను. తొట్టి మాత్రం చూరు కిందే ఉంది, సగం తడుస్తోంది. తడిస్తే తడవనీ, ముందు ఎడ్ల మేత.